గోదావరి ఒడ్డున దొరికిన పాత బిళ్ళ ఏ కాలానిదో గుర్తుపట్టడం ఎలా?

తొలకరికి దుక్కులు మొదలయ్యాయంటే మహారాష్ట్రలోని మా సిరొంచ వైపు ఎవరో ఒకరు రుమాలు మూటలో ఒక బిళ్ళ పట్టుకొస్తారు. పత్తిచేనులో నాగలికి తగిలిందని ఒకరు, ప్రాణహిత ఒడ్డు కోసుకుపోయిన చోట కనపడిందని ఇంకొకరు. చుట్టూ చేరినవాళ్ళు మొదట అడిగేది "ఎంతొస్తది?" అని. తర్వాత "ఏ రాజుది?" అని. "ఎక్కడ దొరికింది, ఎంత లోతులో, పక్కన కుండపెంకులేమన్నా ఉన్నాయా?" అని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. పాత నాణేల పని నేర్చుకోవాలనుకుంటే మీరు ఆ మూడో ప్రశ్నతోనే మొదలుపెట్టండి.

ఎందుకంటే గోదావరికి అవతల, మాకు ఎగువన కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన నాణేల మీద ఛిముక అనే పేరు కనిపించింది. శాతవాహన వంశానికి మూలపురుషుడిగా పురాణాలు చెప్పే రాజు ఆయన. అవే నేలల్లో గోబద, నారన, కంవాయ, సమగోప అని ఇంకొన్ని పేర్లు బయటపడ్డాయి. ఈ బిళ్ళలే ముంబైలో ఏ వ్యాపారి పళ్ళెంలోనో తేలి ఉంటే "ఎవరో చిన్న రాజులు" అని పక్కన పెట్టేసేవారు. కోటిలింగాలలో దొరికాయి కాబట్టి శాతవాహనులకు ముందు ఈ గోదావరి నేలను ఏలినవాళ్ళున్నారని చెప్పగలిగారు. బిళ్ళ ఒక్కటే చేతిలో ఉంటే సగం సంగతే తెలుస్తుంది, మిగతా సగం అది దొరికిన చోటులో ఉంటుంది.

కాబట్టి ముందు ఒక నోటుబుక్కు కొనండి. భూతద్దం తర్వాత కొనుక్కోవచ్చు. ఊరు, చేను ఎవరిది, వాగుకు ఎంత దూరం, తేదీ, ఎవరు చూశారు, ఆ చోట ఇంకేమేం కనిపించాయి, ఇవన్నీ ఆ రోజే రాయండి. రేపు రాద్దాంలే అనుకుంటే "మంథని దిక్కు ఏదో ఊరు" అని మాత్రమే గుర్తుంటుంది. నా పుస్తకంలో మొదటి రెండేళ్ళ పేజీలు అలాంటివే.

కుండ దొరికితే

విడిగా ఒకటో రెండో దొరకడం వేరు, మూతేసిన చిన్న కుండ దొరకడం వేరు. కుండ దొరికితే చేయి పెట్టకండి, కుమ్మరించకండి. ఫోటో తీసి, సర్పంచినో తలాఠీనో (ఊరి రెవెన్యూ అధికారినో) పిలిచి, వాళ్ళ ముందు ఉంచండి. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి ఉండి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ పది రూపాయలు ఆనాటి లెక్క, ఈనాటికీ మారలేదు. చెప్పకుండా దాచితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చెబితే అంతా పోతుందని మనవాళ్ళ భయం గానీ చట్టంలో అలా లేదు. సొంతదారుడు ఎవరూ లేరని తేలాక, వేరే ఒప్పందం లేకపోతే దొరికించుకున్నవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి.

ఇంకొక చట్టం 1972 నాటిది, పురావస్తువుల గురించి. నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని దేశం బయటికి పంపకూడదు, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు. ఆన్‌లైన్లో విదేశీయుడు మంచి రేటు ఇస్తానన్నాడని పార్సిల్ కట్టారో, ఇరుక్కున్నట్టే. మెటల్ డిటెక్టర్ పట్టుకుని పురావస్తు శాఖ కాపాడే కోటల చుట్టూ తిరగడం కూడా వద్దు. బల్లార్పూర్ కోట గోడ కింద ఏముందో నాకూ చూడాలనే ఉంటుంది, అయినా వద్దు.

కడగకండి

మా బాపమ్మ దగ్గర ఒక శివరాయి ఉండేది. మరాఠాల రాగి పైసా అది. దేవుడి పటాల ముందు చిన్న పళ్ళెంలో ఉండేది. ప్రతి దసరాకూ చింతపండు, బూడిద పెట్టి చెంబులతో పాటు దాన్నీ తోమేది. నా చేతికొచ్చేసరికి రాగి కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది, అక్షరాలు మాత్రం లేవు. ఒక పక్క కింది మూలన 'పతి' అని మిగిలింది. 'ఛత్రపతి'లో చివరి రెండక్షరాలు.

చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, టూత్‌పేస్టు, ఇటుక పొడి, ఏదీ వద్దు. రాగి బిళ్ళ మీద పట్టే నున్నటి ముదురు పచ్చని, గోధుమరంగు పొర నాణేన్ని కాపాడుతుంది, ఆ పొర మీదే అక్షరాల అంచులు నిలబడి ఉంటాయి. మట్టి మరీ ఎక్కువగా ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టండి. బ్యాటరీల షాపులో దొరుకుతుంది. రోజూ నీళ్ళు మార్చండి. మెత్తబడిన మట్టిని వెదురు పుల్లతో, భూతద్దం కింద, కొద్దికొద్దిగా తీయండి. అంతకు మించి మీరేమీ చేయొద్దు. రాగి మీద లేత పచ్చని పొడి రాలుతుంటే అది వేరే జబ్బు, తేమ తగిలేకొద్దీ లోపలికి తినేస్తుంది. అలాంటిదాన్ని మిగతావాటికి దూరంగా, సిలికా జెల్ పొట్లాలున్న గట్టి మూత డబ్బాలో పెట్టి, తెలిసినవాళ్ళకు చూపించండి.

తూచండి, కొలవండి, వెలుతురు పెట్టండి

రాజు పేరు వెతకడానికి తొందరపడకండి. ముందు బరువు. కంసాలి దగ్గరికి వెళ్ళక్కర్లేదు, గ్రాములో నూరో వంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు. అది సరిగ్గా ఉందో లేదో చూడటానికి 2012లో ముద్రించిన రూపాయి బిళ్ళ పెట్టండి, అరగనిదైతే 3.79 గ్రాముల దగ్గర చూపాలి.

బరువే చాలాసార్లు సగం జవాబు చెప్పేస్తుంది. చిత్రమైన గుర్తులు విడివిడిగా కొట్టిన వెండి ముక్క, అంచులు కత్తిరించినట్టు మూలలుగా, బరువు 3.4 గ్రాములకు అటూ ఇటూ ఉందనుకోండి. అది విద్దాంక నాణెం, రెండు వేల ఏళ్ళకు పైబడినది. పాతకాలం లెక్కలో 32 గురిగింజల ఎత్తు. మన చేల గట్ల మీద ఎర్రగా నల్లమచ్చతో కాసే ఆ గింజే అప్పటి తూకం రాయి. మౌర్యుల కాలపు బిళ్ళల మీద ఐదు గుర్తులుంటాయి, సూర్యుడు వాటిలో ఒకటి. అదే పదకొండు గ్రాములు దాటిన గుండ్రటి వెండి అయితే చాలావరకు మొఘలుల, వాళ్ళ తర్వాతివాళ్ళ రూపాయల కుటుంబం. బ్రిటిష్ రూపాయి ఒక తులం, అంటే 11.66 గ్రాములు.

ఐదారు గ్రాములు పైబడిన వెండి బిళ్ళ మీద అనుమానం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నాకు తిప్పండి. బిళ్ళకు సన్నదారం కట్టి, అడుగు తగలకుండా నీళ్ళలో మునిగేలా వేలాడదీయండి. కాటా చూపిన అంకెతో బిళ్ళ బరువును భాగించండి. 11.4 గ్రాముల బిళ్ళకు నీళ్ళలో 1.10 చూపితే 10.4 వస్తుంది, మంచి వెండి అలాగే ఉంటుంది. 1.28 చూపితే తొమ్మిదికి కూడా రాదు, అది వెండి రంగేసుకున్న ఇంకేదో.

తర్వాత వెలుతురు. నడినెత్తిన లైటు పెట్టి చూస్తే అరిగిన బిళ్ళ చదునుగా కనిపిస్తుంది. పొద్దున ఏడింటికి కిటికీ పక్కన, ఎండ ఏటవాలుగా పడేచోట పెట్టి, మెల్లగా చుట్టూ తిప్పండి. ఒక్కో కోణంలో ఒక్కో అక్షరం లేస్తుంది. రాత్రయితే ఫోన్ టార్చిని బల్లకు ఆనించి పక్కనుంచి కొట్టండి. రెండు వైపులా, అంచుకూ, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి.

ఒక బిళ్ళను పట్టుకుని చూద్దాం

ఇది సంతలో పాత సామాన్లవాడి దగ్గర, తాళంచెవులు, గంటల మధ్య నాకు కనిపించింది. బరువు 2.4 గ్రాములు, అడ్డంగా 15 మిల్లీమీటర్లు. రంగు బూడిద కలిసిన గోధుమ. రాగిలా ఎర్రగా లేదు, సీసంలా మెత్తగా లేదు. రాగిలో తగరం, సీసం కలిపిన ఈ మిశ్రమాన్ని నాణేలవాళ్ళు పోటిన్ అంటారు. ఒక పక్క తొండం ఎత్తిన ఏనుగు. తిప్పితే నాలుగు వలయాలు, వాటిని కలుపుతూ కూడిక గుర్తు. దీన్ని ఉజ్జయిని గుర్తు అంటారు. ఈ మూడూ కలిశాయంటే, మా ప్రాంతంలో శాతవాహనులు తప్ప ఇంకొకరు తలపుకు రారు.

ఇప్పుడు అక్షరాలు. ఇవి బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉంటాయి. బెదిరిపోకండి, మొత్తం అక్షరమాల రాకపోయినా నాలుగైదు అక్షరాలతో పని మొదలవుతుంది. 'క' అచ్చం కూడిక గుర్తు. 'ర' కింద కాస్త వంగిన నిలువు గీత. 'ప' నీళ్ళ గ్లాసు. 'గ' బోర్లించిన కాగితం టోపీ. రాత బిళ్ళ అంచు వెంబడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి బిళ్ళను తిప్పుతూ చదవాలి. సాధారణంగా ఉండే వరస 'రఞో సిరి', ఆ తర్వాత రాజు పేరు, చివర 'స'. అంటే 'రాజు శ్రీ ఫలానావారి' నాణెం అని. నా బిళ్ళ మీద ఏనుగు వీపు పైన కూడిక గుర్తు తేలింది, దాని పక్కన 'ణి', ఆ పక్కన 'స'. అంటే 'కణిస'. సాతకణిస, సాతకర్ణిది.

ఇక్కడే కొత్తవాళ్ళు జారిపోతారు. సాతకర్ణి అనగానే "గౌతమీపుత్ర శాతకర్ణి!" అని కేక పెడతారు. ఆ పేరుతో, ఆ బిరుదుతో చాలామంది రాజులున్నారు. 1939లో విదర్భలోని తర్హాళలో దాదాపు 1,500 పోటిన్ నాణేల కుప్ప దొరికింది. ఏనుగు, ఉజ్జయిని గుర్తు అన్నిటిదీ ఒకే పోలిక, పేర్లు మాత్రం సాతకర్ణి, పుళుమావి, యజ్ఞ, విజయ, కుంభ, కర్ణ, శక అని వేరువేరు. అప్పటిదాకా పురాణాల జాబితాల్లో లేని పేర్లు కూడా వాటిలో ఉన్నాయి. పేరులో ముందు భాగం మీ బిళ్ళ మీద పడకపోతే 'సాతకర్ణి, ఎవరో తేలలేదు' అని రాసి ఊరుకోండి. పుస్తకంలో ప్రశ్నార్థకం పెట్టడానికి సిగ్గుపడనక్కర్లేదు.

రాత సగమే ఎందుకు ఉంటుందని మీకు అనిపించవచ్చు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. సుత్తి దెబ్బ ఎటు జారితే అటువైపు రాత పడుతుంది. ఒకే అచ్చుతో కొట్టిన నాలుగైదు బిళ్ళల ఫోటోలు పక్కపక్కన పెట్టుకుంటే పూర్తి పేరు కూడుతుంది. అందుకే అరిగిపోయిందని ఏదీ పారేయకూడదు. అవతల పెద్దబంకూర్‌లో 22 వేల దాకా శాతవాహన నాణేలు దొరికాయంటే, వాటిని చదివినవాళ్ళ ఓపిక ఎంతటిదో ఊహించుకోండి.

పారసీ రాత ఉంటే

మధ్యయుగపు బిళ్ళలు మా వైపు ఎక్కువగా పారసీ, అరబీ రాతతోనే వస్తాయి. దేవగిరి యాదవుల పద్మటంకాలు వేరు. అవి బంగారు బిళ్ళలు, గిన్నెలా లోపలికి వంగి, మధ్యలో పద్మం, చుట్టూ విడివిడి ముద్రలు. అవి దొరికితే పైన చెప్పిన కలెక్టరు సంగతి గుర్తు తెచ్చుకోండి. మామూలుగా మన చేతికొచ్చేవి 1347లో మొదలైన బహమనీల మందపాటి రాగి, తర్వాత గోల్కొండ రాగి, ఆ తర్వాత నిజాం, నాగపూరు భోంస్లేల నాణేలు. సిరొంచ 1860 దాకా నిజాం ఏలుబడిలోనే ఉండేది కాబట్టి ఇక్కడ హైదరాబాద్ డబ్బు కనపడటం వింతేమీ కాదు.

పారసీ చదవడం రాకపోతే ముందు అంకెలు పట్టుకోండి. సున్నా అంటే చుక్క. ఒకటి నిలువు గీత. ఏడు ఎద్దుకొమ్ముల్లా పైకి తెరుచుకుని ఉంటుంది, ఎనిమిది గుడిసె కప్పులా కిందికి. అవి హిజ్రీ సంవత్సరాలు. మన లెక్కలోకి మార్చడానికి, ఆ అంకెలోంచి నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలపండి. గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా రాగి బిళ్ళల మీద 1068 ఉంటుంది. 1068లో మూడు శాతం 32. తీసేస్తే 1036, 622 కలిపితే 1658. ఆ హిజ్రీ సంవత్సరం 1657 అక్టోబరులో మొదలైంది కాబట్టి 1657-58 అని రాసుకోవాలి. ఆ బిళ్ళ మీద 'శుభంతో, సౌభాగ్యంతో ముగిసింది' అన్న అర్థం వచ్చే మాటలుంటాయి. డబ్బు మీద అలాంటి మాట ఎందుకు చెక్కించాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను.

ఒక చిక్కు ఉంది. బిళ్ళ మీద మొఘల్ చక్రవర్తి పేరు కనిపించినంత మాత్రాన అది ఢిల్లీది కాదు. నిజాములు 1857 దాకా, నాగపూరు భోంస్లేలు తమ కాలమంతా, మొఘల్ పేర్లతోనే కొట్టించారు. పేరు పక్కనుండే చిన్నచిన్న గుర్తులు, టంకసాల పేరు చూసి తేల్చుకోవాలి. నిజాం నాణేల మీద తర్వాతి కాలంలో 92 అంకె కనిపిస్తుంది. అది సంవత్సరం కాదు, ముహమ్మద్ అన్న పేరులోని అక్షరాల విలువల మొత్తం. చార్మినార్ బొమ్మ ఉంటే ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చేసినట్టే. అవి సంతలో బోలెడు దొరుకుతాయి, నేర్చుకోవడానికి బాగుంటాయి.

శివరాయిలదీ ఇదే కథ. ఒక పక్క 'శ్రీ రాజా శివ', ఇంకో పక్క 'ఛత్రపతి' అని నాగరి రాత. చూడగానే 1674లో జరిగిన శివాజీ పట్టాభిషేకం నాటిదని అమ్మేవాడు ప్రమాణం చేస్తాడు. ఆయన పేరుతో పీష్వాల కాలం దాకా కొడుతూనే వచ్చారు, మనకు దొరికేవి చాలావరకు ఆ తర్వాతివే.

నకిలీలు

పోతపోసిన నకిలీని అంచే పట్టిస్తుంది. భూతద్దంతో చూస్తే చుట్టూ సన్నటి అతుకు గీత, లేదా దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తులు. ముఖం మీద సూదిమొనంత గుంటలు, అక్షరాల అంచులు సబ్బులా మెత్తగా ఉంటాయి. ఇద్దరు అమ్మేవాళ్ళ దగ్గర ఒకే చోట ఒకే గాటు ఉన్న కవల బిళ్ళలు కనిపిస్తే రెండూ వదిలేయండి. శాతవాహన కాలంలో పోతపోసిన అసలు నాణేలూ ఉన్నాయి కాబట్టి ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పకండి.

హనుమంతుడో, సీతారాముల పట్టాభిషేకమో ఒక వైపు, '1818 ఈస్ట్ ఇండియా కంపెనీ' అని ఇంకో వైపు ఉంటే అది ఎప్పుడూ డబ్బుగా చెలామణి కాలేదు. ఈ కాలంలో చేసిన బిళ్ళ. పూజలో పెట్టుకుంటే పెట్టుకోండి, వేలు పోసి కొనకండి. ఇక బియ్యపు గింజల్ని లాగుతుందని, కోట్లు పలుకుతుందని చెప్పే రైస్ పుల్లర్ బేరగాళ్ళు వస్తే మాట కూడా కలపకండి. రాగి బియ్యాన్ని లాగదు. "టెస్టింగ్‌కు అడ్వాన్స్ కట్టు కాకా" అని వాళ్ళు లాగేది మన డబ్బునే.

కొనడం, దాచడం

సంతలో కొనేటప్పుడు ఆదివాసీ అవ్వల మెడలోని రూపాయల దండలను అడగకండి. అవి వాళ్ళ సొమ్ములు, అమ్మకపు సరుకు కాదు. కంసాలి దగ్గర కరిగించడానికి వచ్చిన పాత రూపాయల్లో కొక్కెం అతికించినవి ఉంటే తీసుకోవచ్చు. కొక్కెం ఉంటే నాణేల బజారులో విలువ తగ్గుతుంది, రాత మాత్రం అదే కదా. ఎవరి దగ్గర కొన్నా, ఇది ఎక్కడిదని అడిగి ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకోండి.

దాచడంలో నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. చక్కటి టేకు పెట్టె చేయించి, సీసపు శాతవాహన బిళ్ళలు మూడు అందులో దూది మీద పరిచాను. రెండు వానాకాలాలు గడిచాక తెరిస్తే వాటి మీద పిండి చల్లినట్టు తెల్లటి పొడి. కర్రలోంచి వచ్చే పులుపు ఆవిరికి సీసం తట్టుకోలేదట. ఒకదాని మీద ఉన్న గుర్తులు ఊదగానే పొడితో పాటు లేచిపోయాయి. సీసాన్ని కర్రకూ, అట్టపెట్టెలకూ దూరంగా ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. మెత్తగా, వాసన వచ్చే పీవీసీ కవర్లు రాగిని పచ్చగా జిగటగా చేస్తాయి, వాటి బదులు మైలార్ కవర్లు అడగండి. రబ్బరు బ్యాండు పెడితే వెండి నల్లబడుతుంది.

మీ కంటికి పదును రావాలంటే అసలైనవి చూడాలి. దగ్గరలో నాగపూరు సెంట్రల్ మ్యూజియం ఉంది, ఆటోవాళ్ళకు అజబ్ బంగ్లా అంటేనే తెలుస్తుంది. హైదరాబాద్ వెళ్తే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం చూడండి. నాసిక్ పక్కన అంజనేరిలో నాణేల పరిశోధనకే పెట్టిన సంస్థ, మ్యూజియం ఉన్నాయి. వెళ్ళేటప్పుడు బిళ్ళ కంటే ముందు మీ నోటుబుక్కు, ఫోటోలు తీసుకెళ్ళండి.

ప్రతి బిళ్ళకూ ఒక చీటీ రాయండి. బాపమ్మ శివరాయి కవర్లో నేను పెట్టిన చీటీ ఇది: "రాగి. 8.9 గ్రా. నాగరి, 'పతి' మాత్రమే. మరాఠా, పీష్వాల కాలం? ఇంట్లో వచ్చింది, ఎక్కడ నుంచో తెలియదు. చింతపండుతో తోమారు."